నెట్‌వర్క్ మీద పల్స్‌ఆడియో: టెర్మినల్ నుంచే అమరిక, అదుపు – తరచుగా అడిగే ప్రశ్నలు

హాల్లో యాంప్లిఫయర్‌, దానికి తగిలించిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ (కింద అంతటా ఉత్త 'పై'). లోపలి గదిలో లినక్స్ ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్‌లో పెట్టిన పాట హాల్లో మోగాలి, వాల్యూమ్ కూడా ల్యాప్‌టాప్ నుంచే తిప్పగలగాలి. ఆ పని చేసిపెట్టేది పల్స్‌ఆడియో, అంటే లినక్స్‌లో ధ్వనిని నడిపించే సౌండ్ సర్వర్. కింది జవాబులన్నీ ఈ ఏర్పాటును దృష్టిలో పెట్టుకుని రాసినవే. పై చిరునామా 192.168.1.20 అనుకుందాం, మీ ఇంట్లో అంకెలు వేరుగా ఉంటే మార్చుకోండి. రౌటర్‌లో దానికి స్థిరమైన చిరునామా కేటాయించడం మాత్రం మర్చిపోకండి.

కమాండ్లను చదివినట్టే తెలుగు లిపిలో ఇచ్చాం. టైపు చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో; గీతలు, చుక్కలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. పెద్ద అక్షరాలు కావలసిన చోట ఆ మాట చెప్పాం.

అల్సా ఉండగా మధ్యలో సౌండ్ సర్వర్ దేనికి?

అల్సా అనేది లినక్స్ కర్నెల్‌లో ఉండి సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడే భాగం. సౌండ్ సర్వర్ ఆ కార్డును తన చేతిలో పెట్టుకుని, నాలుగు ప్రోగ్రాముల నుంచి వచ్చే ధ్వనిని కలిపి దానికి అందిస్తుంది. ఆ ప్రోగ్రాములు ఇదే మెషీన్‌లో ఉన్నా, పక్క గదిలో ఉన్నా దానికి ఒకటే.

నాలుగు మాటలు తెలిస్తే చాలు. సింక్ అంటే ధ్వని వెళ్లి చేరే చోటు, అంటే స్పీకరు. సోర్స్ అంటే ధ్వని పుట్టే చోటు, అంటే మైకు. ప్రస్తుతం మోగుతున్న ఒక్కో ప్రవాహం ఒక సింక్-ఇన్‌పుట్. ప్రతి సింక్‌కీ ఒక మానిటర్ ఉంటుంది: ఆ స్పీకరులో మోగేదాన్నే తిరిగి వినిపించే సోర్స్ అది. ఈ మానిటర్ సంగతి గుర్తుంచుకోండి, భద్రత దగ్గర మళ్లీ వస్తుంది.

నా మెషీన్‌లో ఉన్నది పల్స్‌ఆడియోనా, పైప్‌వైరా?

పీఏసీటీఎల్ ఇన్ఫో

అని కొట్టి 'సర్వర్ నేమ్' వరుస చూడండి. (పీఏసీటీఎల్ అంటే సౌండ్ సర్వర్‌ను టెర్మినల్ నుంచి అదుపు చేసే కమాండ్.) ఉత్త పల్స్‌ఆడియో అని ఉంటే పాతదే. పల్స్‌ఆడియో అని రాసి, పక్కనే బ్రాకెట్లలో 'ఆన్ పైప్‌వైర్' అని ఉంటే లోపల నడుస్తున్నది పైప్‌వైర్ అనే కొత్త సౌండ్ సర్వర్. బయటికి మాత్రం పల్స్‌ఆడియో భాషే మాట్లాడుతోంది.

లెనార్ట్ పోటరింగ్ 2004లో మొదలుపెట్టిన పాలిప్‌ఆడియోకే 2006లో పల్స్‌ఆడియో అని పేరు మార్చారు. విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్ దాని స్థానంలోకి వస్తోంది: ఫెడోరా 34లో (2021), ఉబుంటు 22.10లో, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్‌లో (2023) డెస్క్‌టాప్ ధ్వని దానిదే. పీఏసీటీఎల్ రెండింటితోనూ పనిచేస్తుంది. పాత పీఏసీఎమ్‌డీ కమాండ్ మాత్రం పైప్‌వైర్ దగ్గర 'డీమన్ (వెనక నడిచే సర్వర్) ఏదీ నడవట్లేదు' అని అబద్ధమాడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కడా దాన్ని వాడలేదు.

ఏ ఇబ్బంది వచ్చినా మొదట కొట్టాల్సిన కమాండ్ ఈ ఇన్ఫోనే. 'ధ్వని రావట్లేదు' అన్న ఫిర్యాదుల్లో చాలా భాగం ధ్వనికి సంబంధించినవి కావు. మీరనుకున్న సర్వర్‌తో కాక వేరే సర్వర్‌తో మాట్లాడుతుండటం వల్ల వచ్చినవి. 'సర్వర్ స్ట్రింగ్', 'యూజర్ నేమ్', 'హోస్ట్ నేమ్', 'డిఫాల్ట్ సింక్' – ఈ నాలుగు వరుసలూ చదివాకే మిగతా వాటి జోలికి వెళ్లండి.

తెర తగిలించని పైలో 'డమ్మీ అవుట్‌పుట్' ఒక్కటే కనిపిస్తోంది. కార్డు ఏమైంది?

కార్డు ఉంది, మీ యూజర్‌కు దాన్ని ముట్టుకునే అనుమతే లేదు. మెషీన్ ముందు కూర్చుని లాగిన్ అయినవాళ్లకు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులనూ లాగిన్లనూ చూసుకునే ప్రోగ్రామ్) సౌండ్ కార్డు మీద హక్కు దానంతటదే ఇస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లో, అంటే వేరే మెషీన్ టెర్మినల్ నుంచి, వచ్చినవాళ్లకు ఇవ్వదు. కార్డు తెరవలేని సర్వర్ 'ఆటో_నల్' అనే ఉత్తుత్తి సింక్‌ను సృష్టించుకుని కూర్చుంటుంది. మీ యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చండి:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ ఆడియో మీ_యూజర్_పేరు

ఇందులో 'జీ' పెద్ద అక్షరం, 'ఏ' చిన్నది. ఆ 'ఏ' వదిలేస్తే సుడోతో సహా మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి, జాగ్రత్త. తర్వాత మెషీన్ రీబూట్ చేయండి. ఉత్తినే లాగౌట్ అయితే పాత యూజర్ మేనేజర్ పాత గ్రూపులతోనే బతికి ఉండొచ్చు.

పై 5లో 3.5 మిల్లీమీటర్ల జాక్ లేదు. యూఎస్‌బీ డాక్ (డిజిటల్ ధ్వనిని అనలాగ్‌గా మార్చే పరికరం) కావాలి, లేదా హెచ్‌డీఎంఐ. పాత పైలలో జాక్ ఉన్నా నాణ్యత అంతంతమాత్రం; యాంప్లిఫయర్‌కు ఇవ్వాలంటే చవక యూఎస్‌బీ డాక్ అయినా దానికంటే మేలు.

ఎస్ఎస్‌హెచ్‌లో ఉన్నంతసేపూ మోగుతుంది, బయటికి రాగానే ఆగిపోతుంది. ఎందుకు?

పల్స్‌ఆడియో ఒక్కో యూజర్‌కు విడిగా నడిచే సర్వీసు. యూజర్ ఆఖరి లాగిన్ ముగియగానే అతని సర్వీసులన్నీ సిస్టమ్‌డీ కట్టేస్తుంది. దీనికి మూడు పనులు చేయాలి, మూడూ చేయాలి:

సుడో లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ మీ_యూజర్_పేరు

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ ఎనేబుల్ పల్స్‌ఆడియో.సర్వీస్

మూడోది ~/.కాన్ఫిగ్/పల్స్/డీమన్.కాన్ఫ్ ఫైల్లో ఈ వరుస:

ఎగ్జిట్-ఐడిల్-టైమ్ = -1

లింగర్ పెడితే లాగిన్ లేకపోయినా యూజర్ సర్వీసులు బూట్‌తోపాటే లేస్తాయి. రెండోది ఎందుకంటే, సామాన్యంగా ఎనేబుల్ అయి ఉండేది సాకెట్: లోకల్ ప్రోగ్రామ్ ఎవరైనా తలుపు తట్టినప్పుడే సర్వర్‌ను అది లేపుతుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చే టీసీపీ కనెక్షన్ ఆ సాకెట్‌ను తట్టదు, కాబట్టి సర్వీసునే ఎనేబుల్ చేయాలి. ఇక మూడోది: పని లేకుండా 20 సెకన్లు ఉంటే పల్స్‌ఆడియో తనంతట తానే ముగిసిపోతుంది. ఎవరైనా లాగిన్ అయి ఉంటే ముగియదు. మీరు పరీక్షించినప్పుడల్లా లాగిన్ అయ్యే ఉంటారు కాబట్టి అప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

'--సిస్టమ్' అనే మోడ్ ఒకటి ఉందిగా అంటారేమో. దాన్ని రాసినవాళ్లే వద్దంటారు. ఒక్క యూజర్ ఉన్న పైకి లింగర్ చాలు.

బయటి మెషీన్ల కోసం తలుపు తెరవడం ఎలా?

సర్వర్‌కు ఒక మాడ్యూల్, అంటే అదనపు భాగం, తగిలించాలి. పై మీద, ముందు తాత్కాలికంగా:

పీఏసీటీఎల్ లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-నేటివ్-ప్రోటోకాల్-టీసీపీ 'ఆథ్-ఐపీ-ఏసీఎల్=127.0.0.1;192.168.1.0/24'

ఏసీఎల్ అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే చిరునామాల జాబితా; 192.168.1.0/24 అంటే 192.168.1తో మొదలయ్యే చిరునామాలన్నీ. ఆ కొటేషన్ గుర్తులు అలంకారం కాదు. అవి లేకపోతే షెల్ దృష్టిలో సెమీకోలన్ దగ్గర కమాండ్ ముగిసినట్టే. 127.0.0.1 వరకే మాడ్యూల్‌కు అందుతుంది, మిగతా చిరునామాను కమాండ్ అనుకుని 'దొరకలేదు' అంటుంది. మాడ్యూల్ లోడ్ అయినట్టే కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌కు మాత్రం ప్రవేశం ఉండదు. కమాండ్ సరిగ్గా పనిచేస్తే ఒక అంకె, ఉదాహరణకు 27, తెర మీదకొస్తుంది. అది మాడ్యూల్ నంబరు. తీసేయాలంటే 'పీఏసీటీఎల్ అన్‌లోడ్-మాడ్యూల్ 27'.

పోర్టు 4713. వింటోందో లేదో చూడటానికి:

ఎస్ఎస్ -టీఎల్ఎన్

ఆ పట్టికలో 4713 కనిపించాలి. కనిపించినా ల్యాప్‌టాప్ నుంచి తగలకపోతే ఫైర్‌వాల్ చూడండి: 'సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 4713 ప్రోటో టీసీపీ'.

రీబూట్ అయితే మాడ్యూల్ పోతోంది. శాశ్వతంగా ఎక్కడ రాయాలి?

~/.కాన్ఫిగ్/పల్స్/డిఫాల్ట్.పీఏ లో. అయితే ఈ ఫైల్ ఉన్న మరుక్షణం /ఈటీసీ/పల్స్/డిఫాల్ట్.పీఏ ని సర్వర్ అసలు చదవదు. ఒక్క వరుస రాసి వదిలేస్తే కార్డులను గుర్తించే మాడ్యూళ్లు కూడా లోడ్ కావు, సర్వర్ మూగబోతుంది. కాబట్టి ఫైల్లో రెండు వరుసలు ఉండాలి:

.ఇన్‌క్లూడ్ /ఈటీసీ/పల్స్/డిఫాల్ట్.పీఏ

లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-నేటివ్-ప్రోటోకాల్-టీసీపీ ఆథ్-ఐపీ-ఏసీఎల్=127.0.0.1;192.168.1.0/24

ఈ ఫైల్ను షెల్ చదవదు కాబట్టి ఇక్కడ కొటేషన్లు అక్కర్లేదు. స్పెల్లింగ్ మాత్రం చూసుకోండి: ఫైల్ '.ఫెయిల్' స్థితిలో ఉన్నప్పుడు ఒక మాడ్యూల్ పేరు తప్పినా సర్వర్ మొత్తం లేవనంటుంది. ఖాయమని తేలేవరకూ అనుమానం ఉన్న వరుసకు ముందు '.నోఫెయిల్' పెట్టుకోవచ్చు.

ల్యాప్‌టాప్ నుంచి పాట పంపడం?

రెండు దారులు. ఒక్క ప్రోగ్రామ్‌కే కావాలంటే పర్యావరణ చలరాశి (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) చాలు. పేరు పల్స్_సర్వర్, అన్నీ పెద్ద అక్షరాలే:

పల్స్_సర్వర్=192.168.1.20 పీఏప్లే పాట.ఫ్లాక్

పైతో కనెక్షన్ తెగితే ఆ ప్రోగ్రామ్‌కు వేరే దిక్కుండదు, ధ్వని ఆగుతుంది. రోజూ వాడకానికి టన్నెల్ మేలు. ఇది ల్యాప్‌టాప్ సర్వర్‌లోనే 'హాల్' అనే కొత్త స్పీకరును పుట్టిస్తుంది:

పీఏసీటీఎల్ లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-టన్నెల్-సింక్ సర్వర్=టీసీపీ:192.168.1.20:4713 సింక్_నేమ్=హాల్

ఇక 'పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్స్' లో హాల్ కనిపిస్తుంది. మోగుతున్న పాటను మధ్యలోనే అక్కడికి తరలించొచ్చు. 'పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్-ఇన్‌పుట్స్' కొట్టి, మొదటి గడిలోని నంబరు, 41 అనుకోండి, తీసుకుని:

పీఏసీటీఎల్ మూవ్-సింక్-ఇన్‌పుట్ 41 హాల్

పాట ఆగకుండా గదిలోంచి హాల్లోకి వెళ్తుంది. ఇకపై పెట్టేవన్నీ అక్కడే మోగాలంటే 'పీఏసీటీఎల్ సెట్-డిఫాల్ట్-సింక్ హాల్'.

'కనెక్షన్ రిఫ్యూజ్డ్', 'యాక్సెస్ డినైడ్', టైమ్‌ఔట్ – వీటికి తేడా ఉందా?

ఉంది, ఒక్కోటీ ఒక్కో చోటు చూపిస్తుంది. రిఫ్యూజ్డ్ అంటే ఆ మెషీన్ వరకూ వెళ్లారు, పోర్టు దగ్గర ఎవరూ లేరు: మాడ్యూల్ లోడ్ కాలేదు, లేదా సర్వర్ నడవట్లేదు. టైమ్‌ఔట్ అంటే ప్యాకెట్లను ఫైర్‌వాల్ మింగేస్తోంది, లేదా చిరునామా తప్పు. డినైడ్ అంటే సర్వర్ విన్నది, మిమ్మల్ని నమ్మలేదు: మీ చిరునామా ఏసీఎల్‌లో లేదు, కుకీ కూడా కలవలేదు. గెస్ట్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ వేరే సబ్‌నెట్‌లో ఉండటం డినైడ్‌కూ టైమ్‌ఔట్‌కూ మామూలుగా కనిపించే కారణం.

కుకీ అంటే ఏమిటి? కాపీ చేయాలా?

~/.కాన్ఫిగ్/పల్స్/కుకీ అనే 256 బైట్ల ఫైల్. రెండు మెషీన్లలోనూ అదే ఫైల్ ఉంటే సర్వర్ లోపలికి రానిస్తుంది. చిరునామా ఏసీఎల్‌లో ఉంటే కుకీ అవసరం లేదు. ఇంట్లో అద్దెకున్నవాళ్లతోనో హాస్టల్లోనో ఒకే వైఫై పంచుకుంటుంటే మాత్రం ఏసీఎల్ తీసేసి, ఎస్‌సీపీతో (ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు పంపే కమాండ్) కుకీని మీ మెషీన్లకు పంపుకోండి.

'ఆథ్-అనానిమస్=1' పెడితే గొడవ వదిలిపోతుంది కదా?

అది ఎవరినైనా అడక్కుండా లోపలికి రానిచ్చే సెట్టింగ్. గొడవ వదిలిపోతుంది, దాంతోపాటు గుట్టు కూడా. ఈ ప్రోటోకాల్‌లో పాట వేయడానికి ఒక తలుపు, మైకు వినడానికి ఇంకో తలుపు అని విడిగా లేవు. లోపలికొచ్చినవాళ్లు వాల్యూమ్ మార్చగలరు, మాడ్యూళ్లు ఎక్కించగలరు, 'పీఏరెక్' తో మీ మైకునో స్పీకరు మానిటర్‌నో రికార్డు చేసుకోగలరు. ల్యాప్‌టాప్‌లో దీన్ని పెట్టి కాఫీ షాపులో కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఈ ట్రాఫిక్‌కు ఎన్‌క్రిప్షన్ లేదు. పరీక్ష కోసం ఐదు నిమిషాలు పెట్టి, కారణం తెలిశాక తీసేయండి.

ఇంటి బయటి నుంచి కావాలంటే 4713ను రౌటర్‌లో ఎప్పుడూ తెరవకండి. ఎస్ఎస్‌హెచ్‌లోంచి పంపండి:

ఎస్ఎస్‌హెచ్ -ఎల్ 24713:లోకల్‌హోస్ట్:4713 మీ_యూజర్@ఇంటి_చిరునామా

'ఎల్' పెద్ద అక్షరం. తర్వాత పల్స్_సర్వర్‌కు టీసీపీ:లోకల్‌హోస్ట్:24713 అని ఇస్తే సరి. పై దృష్టిలో ఈ కనెక్షన్ 127.0.0.1 నుంచి వచ్చినట్టే, అందుకే ఆ చిరునామాను ఏసీఎల్‌లో ఉంచాం.

వాల్యూమ్, మ్యూట్ కమాండ్లు?

పీఏసీటీఎల్ -ఎస్ 192.168.1.20 సెట్-సింక్-వాల్యూమ్ @డిఫాల్ట్_సింక్@ 60%

పీఏసీటీఎల్ -ఎస్ 192.168.1.20 సెట్-సింక్-మ్యూట్ @డిఫాల్ట్_సింక్@ టాగుల్

'@' ల మధ్యది పెద్ద అక్షరాల్లో. '-ఎస్' చిన్నది, దాన్ని వదిలేస్తే మారేది ల్యాప్‌టాప్ వాల్యూమే. '+5%', '-5%' అని కూడా ఇవ్వొచ్చు. కానీ పీఏసీటీఎల్‌కు 100 దగ్గర గీత లేదు. '+5%' ను కీబోర్డ్ బటన్‌కు కట్టి పిల్లల చేతికిస్తే 150 దాటుతుంది, స్పీకరు బొంగురుపోతుంది. పైప్‌వైర్ అయితే ఆ మెషీన్ మీద 'డబ్ల్యూపీసీటీఎల్ సెట్-వాల్యూమ్ -ఎల్ 1.0 @డిఫాల్ట్_ఆడియో_సింక్@ 5%+' అంటే 100 దగ్గర ఆగుతుంది. ఇక్కడి 'ఎల్' చిన్నది.

50% అంటే సగం శక్తి కాదు. ఈ స్కేలు ఘన (క్యూబిక్) నిష్పత్తిలో ఉంటుంది: 100% అంటే 0 డెసిబెల్స్, 50% అంటే సుమారు -18. చెవికి అనువుగా ఉండాలని అలా పెట్టారు. టన్నెల్ వాడితే ల్యాప్‌టాప్ ప్రోగ్రామ్‌కో వాల్యూమ్, టన్నెల్‌కో వాల్యూమ్, పైకో వాల్యూమ్, అల్సామిక్సర్‌లో ఇంకోటి. పైని 80 దగ్గర వదిలేసి, ఒక్క చోటే తిప్పే అలవాటు చేసుకోండి.

క్రాన్‌లో పెట్టిన పాట మోగట్లేదు. చేత్తో కొడితే మోగుతోంది.

పొద్దున ఐదింటికి భక్తి పాటలు మోగించాలనుకునే ప్రతివాళ్లకూ ఎదురయ్యేదే. చెప్పిన టైముకు కమాండ్లు నడిపే క్రాన్‌కు మీ లాగిన్ పర్యావరణం (చలరాశుల అమరిక) ఉండదు, సర్వర్ సాకెట్ ఎక్కడుందో తెలియదు. 'ఐడీ -యూ' కొట్టి మీ నంబరు చూసుకుని, 1000 అయితే క్రాన్ వరుసను ఇలా రాయండి:

0 5 * * * ఎక్స్‌డీజీ_రన్‌టైమ్_డిర్=/రన్/యూజర్/1000 పీఏప్లే /హోమ్/మీ_యూజర్/పాట.ఓజీజీ

చలరాశి పేరు పెద్ద అక్షరాల్లో. ఇది మీ యూజర్ క్రాన్‌టాబ్‌లో ఉండాలి, రూట్‌ది కాదు. రూట్‌గా వెళ్లి మామూలు యూజర్ సర్వర్‌ను తట్టితే పల్స్‌ఆడియో 'ఈ డైరెక్టరీ మనది కాదు' అని పొడుగాటి సందేశం ఇచ్చి, చివర 'అలా చేయకండి' అని కూడా అంటుంది. సుడోతో పీఏసీటీఎల్ కొట్టకూడనిదీ అందుకే.

ధ్వని తెగి తెగి వస్తోంది.

ముందు లెక్క చూద్దాం. మీ పాట 128 కిలోబిట్ల ఎంపీ3యే కావచ్చు, కానీ నెట్‌వర్క్ మీద వెళ్లేది విప్పిన ముడి ధ్వని. 44,100 నమూనాలు × 16 బిట్లు × 2 చానళ్లు = సెకనుకు 1,411 కిలోబిట్లు. 48,000 అయితే 1,536. వైఫైకి ఇది పెద్ద బరువు కాదు. అసలు చిక్కు ఆలస్యం నిలకడగా లేకపోవడం. ప్యాకెట్ ఒక్క పావు సెకను ఆలస్యమైనా చిన్న బఫర్ ఖాళీ అయి 'టక్' మంటుంది.

వరుసగా చూడండి. పైని ఒక గంట లాన్ వైరు మీద పెట్టండి. అప్పుడు తెగకపోతే తప్పు వైఫైదే. వైఫై తప్పదంటే పవర్ సేవింగ్ తీసేయండి:

సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూలాన్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్

పింగ్ పెట్టి చూస్తే దీని ప్రభావం కంటికే తెలుస్తుంది. అంకెలు ఎగిరెగిరి పడటం తగ్గుతుంది. రౌటర్ 5 గిగాహెర్ట్జ్ ఇస్తే దానికి మారండి. అయినా తెగుతుంటే బఫర్ పెంచండి: ప్రోగ్రామ్‌ను 'పల్స్_లేటెన్సీ_ఎంసెక్=200' తో, పెద్ద అక్షరాల్లో, మొదలుపెట్టండి. పాటలకు 200 మిల్లీసెకన్ల ఆలస్యం తెలియదు. సినిమాలో పెదవులకూ మాటకూ పొంతన పోతుంది, కాబట్టి వీడియోకు లాన్ వైరే దారి.

వైరు మీద కూడా తెగితే పై ప్రాసెసర్ చూడండి. 'టాప్' కమాండ్‌లో పల్స్‌ఆడియో ప్రాసెసర్‌ను ఎక్కువ తింటుంటే డీమన్.కాన్ఫ్‌లో రీశాంపిల్-మెథడ్ (నమూనాల రేటు మార్చే పద్ధతి) బరువైనది ఏదైనా పెట్టారేమో. 'స్పీక్స్-ఫ్లోట్-1' కు తిప్పండి.

ప్రతి పాట మొదటి అర సెకను మింగేస్తోంది, 'టప్' మని శబ్దం కూడా.

'మాడ్యూల్-సస్పెండ్-ఆన్-ఐడిల్' పని. ఐదు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే కార్డును నిద్రపుచ్చుతుంది. కొన్ని యూఎస్‌బీ డాక్‌లు లేవడానికి ఒళ్లు విరుచుకుంటాయి. 'పీఏసీటీఎల్ అన్‌లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-సస్పెండ్-ఆన్-ఐడిల్' కొట్టి తేడా చూసి, నచ్చితే డిఫాల్ట్.పీఏలో ఇన్‌క్లూడ్ తర్వాత 'అన్‌లోడ్-మాడ్యూల్' వరుసగా రాసేయండి.

రెండు మూడు గదుల్లో ఒకేసారి మోగాలంటే?

రెండు టన్నెళ్లు ఉంటే కలపొచ్చు:

పీఏసీటీఎల్ లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-కంబైన్-సింక్ సింక్_నేమ్=ఇల్లంతా స్లేవ్స్=హాల్,వంటిల్లు

(ఈ పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి.) ఒక్కో కార్డు గడియారం ఒక్కో రకంగా జారుతుంది కాబట్టి ఇది వేగాలను సర్దుతూ ఉంటుంది. రెండు గదుల మధ్య తలుపు తెరిచి ఉంటే కొద్దిపాటి ప్రతిధ్వని వినిపించొచ్చు.

'మాడ్యూల్-ఆర్టీపీ-సెండ్' అనే మల్టీకాస్ట్ (ఒకే ప్రవాహాన్ని చాలా మెషీన్లకు ఒకేసారి పంపే) దారి కూడా ఉంది, 224.0.0.56 కి పంపుతుంది. లాన్ వైరు మీద బాగుంటుంది. వైఫై మీద మాత్రం మల్టీకాస్ట్‌ను యాక్సెస్ పాయింట్లు అందరికీ అందాలని తక్కువ వేగంలో పంపుతాయి. పాట మొదలుపెట్టగానే ఇంట్లో ఇంటర్నెట్ మొత్తం నత్తనడక నడిస్తే కారణం ఇదే. గదులన్నీ కచ్చితంగా ఒకే తాళంలో ఉండాలంటే మా సలహా స్నాప్‌కాస్ట్ అనే ప్రోగ్రామ్. ఆ పని కోసమే పుట్టింది.

పైప్‌వైర్ ఉన్న పై మీద ఇవన్నీ పనిచేస్తాయా?

పీఏసీటీఎల్ కమాండ్లు చాలావరకు పనిచేస్తాయి. డిఫాల్ట్.పీఏ, డీమన్.కాన్ఫ్ చదవదు. టీసీపీ తెరవాలంటే ~/.కాన్ఫిగ్/పైప్‌వైర్/పైప్‌వైర్-పల్స్.కాన్ఫ్.డీ/ అనే డైరెక్టరీలో .కాన్ఫ్‌తో ముగిసే ఫైల్ పెట్టి:

పల్స్.ప్రాపర్టీస్ = { సర్వర్.అడ్రస్ = [ "యూనిక్స్:నేటివ్" "టీసీపీ:4713" ] }

'యూనిక్స్:నేటివ్' మర్చిపోతే ఆ మెషీన్‌లోని సొంత ప్రోగ్రాములే మూగబోతాయి. తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్-పల్స్'. ఇలా తెరిచిన పోర్టు అన్ని చిరునామాల మీదా వింటుంది. పల్స్‌ఆడియో ఏసీఎల్ మీద పెట్టుకున్న నమ్మకం ఇక్కడ పెట్టుకోకండి. ఎవరిని రానివ్వాలో ఫైర్‌వాల్‌లోనే తేల్చండి. లింగర్, ఆడియో గ్రూపు సంగతులు రెండింటికీ ఒకటే. ఎనేబుల్ చేయాల్సిన సర్వీసు మాత్రం పైప్‌వైర్-పల్స్.

'పల్స్‌ఆడియో -కే' తో చంపినా మళ్లీ లేస్తోంది. లాగ్ చూడాలంటే ఎలా?

సాకెట్ లేపుతోంది. రెండింటినీ కలిపి ఆపండి:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టాప్ పల్స్‌ఆడియో.సాకెట్ పల్స్‌ఆడియో.సర్వీస్

ఆపైన 'పల్స్‌ఆడియో -వీవీవీవీ' అని చేత్తో నడిపితే ఏ మాడ్యూల్ దగ్గర ఆగిందో, ఏ క్లయింటును ఎందుకు తోసేసిందో వరుసగా రాసుకుంటూ పోతుంది. ఇంకో టెర్మినల్‌లో ల్యాప్‌టాప్ నుంచి ఒకసారి కనెక్ట్ అవండి, ఆ క్షణంలో వచ్చిన వరుసలే మీకు కావలసినవి. చూశాక కంట్రోల్-సీ కొట్టి, అదే కమాండ్‌లో 'స్టాప్' బదులు 'స్టార్ట్' రాసి మామూలుగా లేపండి.